ఎలైజా తాతగారి ఆవు

జయంతికి ఊరి మ్యూజియంలో గైడ్ ఉద్యోగం కావాలి. జీతం లేదు, వారానికి ఒక్క శనివారమే. అయినా కావాలి. జగదీష్ ఆఫీసుకీ, పిల్లలు స్కూలుకీ వెళ్ళిపోయాక ఆవిడ కబుర్లన్నీ కడుపులోనే మురిగిపోతున్నాయి మరి. 1982లో, అమెరికాలోని ఎడిసన్‌లో గోడ మీదుగా పలకరించే పొరుగమ్మ ఎక్కడ దొరుకుతుంది?

"వాళ్ళ లీడర్ కథ వాళ్ళకే చెప్తావా? నీకు కాన్ఫిడెన్స్ మరీ ఎక్కువ," అన్నాడు జగదీష్.

"ఆరేళ్ళుగా మీ ఆఫీస్ కథలు వింటున్నానండీ. నాకూ వినేవాళ్ళు కావాలి," అంది జయంతి.

ఊరి చివరి పాత ఇల్లు ఎలైజా క్రేన్‌ది. నూరేళ్ళ కిందట ఆయన రాష్ట్ర శాసనసభలో సభ్యుడు. ఇప్పుడు ఆ ఇల్లే మ్యూజియం. గైడ్ పరీక్ష రోజున మ్యూజియం కమిటీ వాళ్ళంతా వచ్చారు. వాళ్ళకి పెద్ద, ఎలైజా మునిమనవరాలు హారియెట్ ముందువరసలో బిగుసుకుని కూర్చుంది.

"గౌరవనీయ శాసనసభ్యులు..." అనగానే జయంతి బట్టీపట్టిన ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. ఇక లాభం లేదని, వచ్చిన ఇంగ్లీషులోనే ఇంట్లో కబుర్లాడినట్టు అందుకుంది.

"తాతగారు మంచి రైతు. సభలో స్టవ్ పక్కన వెచ్చగా సీటు చూసుకుని, నోరు విప్పితే ఒట్టు. విప్పింది ఒక్కసారే. పశువుల్ని రోడ్ల మీదికి వదలకూడదని చట్టం చేయించారు. తీరా చూస్తే, మొట్టమొదట పట్టుబడింది తాతగారి ఆవే! తనే తాడు పట్టుకుని బందెలదొడ్డికి తోలుకెళ్ళి అప్పజెప్పారు. బామ్మగారు ఎన్నాళ్ళు అలిగారో పాపం! ఊరు మాత్రం ఊరుకుంటుందా? మళ్ళీ నిలబడితే చిత్తుగా ఓడించింది."

కమిటీ వాళ్ళు పడీపడీ నవ్వారు. హారియెట్ నవ్వలేదు. ఉద్యోగం హుళక్కే అనుకుంది జయంతి. ఏడుపొచ్చినంత పనైంది.

"ఆయన్ని తాతగారు అంటున్నారేం?" అంది హారియెట్.

"అంత పెద్దాయన్ని పేరుపెట్టి ఎలా పిలుస్తామండీ? మావాళ్ళలో పిలవం."

హారియెట్ గోడ మీది పటం వైపు తిరిగింది. "మా ఇంట్లో అందరూ ఆయన్ని శాసనసభ్యుడనే అనేవాళ్ళు. చిన్నప్పుడు ఈ గదిలోకి రావాలంటే నాకు హడలు," అంది.

హారియెట్ కళ్ళు తుడుచుకుని లేచి, జయంతి చెయ్యి పట్టుకుంది.

"శనివారం నా మనవల్ని తీసుకొస్తాను. వాళ్ళకి వాళ్ళ తాతగార్ని పరిచయం చెయ్యండి."