అడవి బెండకు ముద్దపువ్వు

పదమూడేళ్ళు పల్నాడు గట్లన్నీ తిరిగి అడవి బెండ మొక్కలు సేకరించాను. నరసరావుపేట కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ నేను చేసుకున్న సొంత పని అదొక్కటే. ఎండిన మొక్కల్ని అట్టలకు మా ఆవిడ అతికించేది. ఆమె పోయాక నేనే అతికిస్తున్నాను, వంకరగా.

ఎనభై ఆరు అక్టోబరులో పక్కింటి ఖైరున్నీసా ఒక పువ్వు తెచ్చింది. ఆమె నాదెండ్ల దగ్గర హైబ్రిడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళుతుంది. సాయంత్రం మొగ్గల్లోని పుప్పొడి తిత్తుల్ని గోటితో గిల్లేసి కవరు తొడగాలి. పొద్దున్నే వేరే రకం పువ్వు తెచ్చి రుద్ది, దారం కట్టాలి.

"చూడండి మాస్టారూ. గట్టు మీద అడవి బెండ. దీంట్లో గిల్లటానికేం లేదు. అన్నీ రేకులే."

ముద్దమందారంలా ఉంది. కేసరాలు రావలసిన చోట రేకులు పుట్టాయి. ఎక్కడో ఒక జన్యువు మారి ఉంటుంది. కాయ కట్టే భాగం మాత్రం నిండుగా ఉంది. ఈ గుణం తోట బెండలోకి తెస్తే హైబ్రిడ్ విత్తనానికి గిల్లే పనే ఉండదు. పదమూడేళ్ళుగా నేను వెతికింది ఇదేనని అప్పుడే తెలిసింది. దొరికింది మాత్రం ఆమెకు.

"ఏం చెయ్యమంటారు?"

"ప్రతి మొగ్గకీ కవరు కట్టు. పురుగును కూడా వాలనివ్వకు. విత్తనం కల్తీ కాకూడదు."

మామూలు పువ్వుకైతే సరైన పద్ధతే. పుప్పొడి లేని పువ్వుకు కవరు కడితే గింజ పట్టదు. ఆ సంగతి చెబుతున్నప్పుడే నాకు తెలుసు. మాట దిద్దుకోలేదు.

రోజూ పని నుంచి వస్తూ గుమ్మం ముందు ఆగేది. "ఇంకో పువ్వు రాలింది మాస్టారూ" అనేది. ఆ మాట నాకు చల్లగా ఉండేది.

ఏడో వారం వేరే కబురు తెచ్చింది. "రేపు చేను ఆసామి బ్రహ్మయ్య గారు గట్టు చెక్కిస్తారంట."

ఇక ఆ మొక్క ఉండదు, గింజా ఉండదు. ఈసారి ఆ మాట చల్లగా లేదు. తెల్లారగానే సైకిలెక్కాను. గట్టు మీద ఆమె అప్పటికే ఉంది. మొక్క నిండా వట్టి కవర్లు.

"నీకు తప్పు చెప్పానమ్మా. తెలిసే చెప్పాను."

"పదేళ్ళ నుంచి చేస్తన్న పని. రుద్దకుండా కాయ పడుద్దా ఏంది? చదువుకున్నోళ్ళు, వేరే లెక్కేమో అనుకున్నా. రాలిందంటే మీ మొహం వెలిగేది. అప్పుడు తెలిసింది."

కింది కొమ్మ ఎత్తింది. ఎర్రదారం కట్టిన ఒక కాయ, ఎండి నెర్రెలిచ్చి ఉంది.

"మనసాగక దీనికి పక్క మొక్క పువ్వు రుద్దా. మీకు చెబితే దీనికీ కవరు కట్టమంటారని చెప్పలా. అంత కుళ్ళేంది మాస్టారూ, పువ్వు మీద?"

కాయ తుంచి నలిపింది. గింజలు నా చేతిలోనే పోసింది, నా చేతిలోనే.

"ఈ గింజల మొక్కలు మామూలుగానే పూస్తాయి. వాటి పిల్లల్లో ముద్దపువ్వు మళ్ళీ రావచ్చు" అన్నాను.

"అయితే రెండేళ్ళు అబద్ధమాడకుండా ఉండాల మీరు. చానా కష్టమే."

ఇంటికొచ్చి గింజల పొట్లం మీద 'సేకరించినవారు' అని రాసి, ఎదురుగా ఖైరున్నీసా పేరు రాశాను. కడుపులో మంట ఆరలేదు. అక్షరాలు మాత్రం వంకర పోలేదు.