వెన్న ఫ్యాక్టరీ మలుపు

అమెరికాలోని నెబ్రాస్కా మైదానంలో హాల్‌వర్సన్ అనే ఆ ఊరికి మిగిలింది ఇద్దరే. పోస్టాఫీసు మూతపడేదాకా దాన్ని నడిపిన ఆర్డిస్, ఎదురింటి లోవెల్. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఎవరి కాఫీ పల్చన అన్న తగువు ఏళ్ల తరబడి తెగలేదు. పొద్దున్నే ఎదుటి కిటికీ తెర తొలగిందా లేదా అని మాత్రం ఇద్దరూ తప్పకుండా చూసుకునేవారు.

జనవరిలో ఒకరోజు లోవెల్ తెర తొలగలేదు. ఆర్డిస్ వెళ్లి చూస్తే వంటింట్లో నేల మీద పడి ఉన్నాడు, తుంటి విరిగి. ఆవిడ గబగబా అంబులెన్సుకి ఫోన్ చేసి, ఎత్తిన అమ్మాయికి దారి చెప్పింది.

"వెన్న ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి తిరగమనమ్మా. బడి దాటాక రెండో ఇల్లు."

ముప్పావుగంటకి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మామ్మగారూ, మావాళ్లు మీ ఊరు దాటిపోయి పక్క ఊళ్లో అడుగుతున్నారు. ఫ్యాక్టరీ ఎక్కడా కనపడలేదట."

"ఎలా కనపడుతుంది? కాలిపోయి ఇరవయ్యేళ్లయింది."

"మరి బడి?"

"పడగొట్టేశారు."

ఆర్డిస్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ ఊళ్లో దారి చెప్పడమంటే అంతే, లేనివాటి గుర్తులు చెప్పడమే. అందరికీ తెలుసు గనక ఇన్నాళ్లూ చెల్లింది. ఇప్పుడు తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఒకరు లేవలేని స్థితిలో ఉన్నారు.

"నేనే వెళ్లి మలుపులో నిలబడతానని వాళ్లకి చెప్పు," అని ఫోన్ పెట్టేసింది. "కళ్లు మూసుకోకు లోవెల్."

"వెళ్లు, వెళ్లు. ఇక్కడుంటే మళ్లీ ఆ కాఫీ కలుపుతావు," అన్నాడు లోవెల్, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే.

ఆవిడ ఎర్ర దుప్పటి కప్పుకుని, ఈదురుగాలిలో వణుకుతూ నిలబడింది. అంబులెన్సు వచ్చింది. లోవెల్‌ని ఎక్కించాక డ్రైవరు మెచ్చుకున్నాడు. "మీరక్కడ నిలబడబట్టి సరిపోయింది మామ్మగారూ. మళ్లీ పిలిచినప్పుడు కూడా అలాగే వచ్చి నిలబడండి."

లోవెల్ బతికాడు గానీ తిరిగి రాలేదు. పెద్ద టౌనులో వృద్ధుల ఆశ్రమంలో ఉంచారు. ఎదురింటి తెర మూసే ఉంది. అయినా ఆర్డిస్ రోజూ పొద్దున్నే అటు చూస్తూనే ఉంది, చూసి దిగులు పడుతూనే ఉంది. డ్రైవరు మాట ఆవిడ మనసులోంచి పోలేదు. ఈసారి పడేది తనే కదా. పడిన మనిషి మలుపుదాకా వచ్చి ఎలా నిలబడుతుంది?

మంచు కరిగాక పాత పోస్టాఫీసు అరల్లోంచి మూడు చెక్కలు ఊడదీసింది. ఒకదాని మీద 'వెన్న ఫ్యాక్టరీ' అని రంగుతో రాసి మలుపులో పాతింది. రెండోదాని మీద 'బడి' అని రాసి గడ్డి మొలిచిన ఖాళీ జాగాలో పాతింది. మూడోది తన గేటుకి. దాని మీద 'ఆర్డిస్' అని రాసి ఆగింది. మిగతా రెండూ లేనివాటి పేర్లు. చదివినవాళ్లు పొరపడకుండా కింద 'ఉంది' అని రాసింది.