తవిటమ్మ గుండెల మీద పిన్నీసు

నేను ఒక పిన్నీసును. తల చిన్నది, నడుము వంకర, ముక్కు సూటి. ముక్కుసూటి వాళ్ళని మనుషులు ఎక్కువకాలం ఓర్చుకోరు కాబట్టి నా ముక్కును తలలో దాచుకుని బతుకుతుంటాను. ఏ ఊళ్ళో, ఏ యంత్రం నన్ను తీగలోంచి వంచి తీసిందో గుర్తులేదు. గుర్తున్నదల్లా తోబుట్టువులతో కలిసి గుత్తిగా వేలాడుతూ, గాజులమ్మే మనిషి మలారంలో ఊరూరా తిరగడమే. కుచ్చిళ్ళు జారినా, చెప్పు తెగినా, కాల్లో ముల్లు దిగినా "పిన్నీసుందా, పిన్నీసుందా?" అని ఇల్లంతా ఒకటే గోల. పని గడిచాక మమ్మల్ని ఎక్కడ పడేశారో వాళ్ళకే తెలియదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

నన్ను మాత్రం ఒకావిడ పారేయలేదు. పారేసినా బాగుండేదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆవిడ పేరు సూరీడమ్మ. విజయనగరం పక్కన ఒక పల్లెలో ఉంటూ గోనె మిల్లుకి పనికి వెళ్ళేది. అమ్మవారి సంబరంలో మా గుత్తిని కొన్నది కూతురు కమల కోసం. కమల గౌనుకి బొత్తాలు నిలిచేవి కావు. నిలవనిస్తే కదా! నడక అంటే ఏమిటో ఎరగని పిల్ల, అటు పరుగు, ఇటు పరుగు. సూరీడమ్మ గౌను మెడ కిందుగా నన్ను గుచ్చి మూసింది. ఆ రోజే, సంబరం జనంలో కమల పరిగెడుతుంటే ఎవరో అమ్మలక్క చూసి, "ఓలమ్మ! ఈ గుంట ఎవులిదే? గాల్లాగ ఎల్లిపోతంది!" అంది. సూరీడమ్మ మొహం వెలిగింది. నలుగురూ వినేటట్టు, "నా కూతురు!" అని చెప్పింది.

ఆ సాయంత్రం పిల్ల ఒళ్ళు కాలిపోయింది. వారం తిరక్కుండా పోయింది. ఏ జ్వరమో వైద్యుడికి తెలియలేదు గానీ ఎందుకొచ్చిందో సూరీడమ్మకి తెలుసు. జనం కళ్ళు పడిన పిల్లని తన నోటితో తనదని చెప్పుకుంది. చావుకి చిరునామా ఇచ్చింది తనే.

ఆ గుండె ఆగేటప్పుడు దానికి అందరికన్నా దగ్గరగా ఉన్నదాన్ని నేను. గుండె ఒక్కసారిగా ఆగదండీ. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసే చుట్టంలాగా ఆగి ఆగి వెళ్తుంది. పాతిపెట్టే ముందు సూరీడమ్మ నన్ను గౌనులోంచి తీసి తన పుస్తెలతాడుకి తగిలించుకుంది. అప్పటినుంచి చీర కుచ్చిళ్ళకి కూడా నన్ను వాడలేదు. ఊరికే తడుముకునేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ పిల్ల పుడితే, బొడ్డు ఊడకముందే చేటలో పెట్టి పక్కింటివాళ్ళకి అమ్మేస్తారు. ధర గుప్పెడు తవుడు. కొన్నవాళ్ళు ఆ పిల్లని మళ్ళీ తెచ్చి, "ఇది మా పిల్ల, మీరు పెంచండి" అని ఇస్తారు. ఇక ఆ బిడ్డ తవిటయ్యో, తవిటమ్మో అవుతుంది. చావు వచ్చి వెతుక్కుంటే, 'ఇది ఈవిడ పిల్ల కాదు' అనుకుని వెనక్కి పోతుందట. మిల్లు గేటు దగ్గర కాపలావాణ్ణి మాయచేసినట్టు చావుని కూడా మాయచెయ్యొచ్చని మనుషుల ధీమా. నవ్వుకోవాల్సిన మాటే. కానీ రెండో పిల్ల పుట్టి ఆ చేట అందించాల్సి వచ్చినప్పుడు సూరీడమ్మ దాని అంచు ఎంతకీ వదలకపోవడం చూశాను కాబట్టి నవ్వలేదు.

పక్కింటి ఎర్రయ్యమ్మ తవుడు పోసి పిల్లని కొనుక్కుంది. అప్పటినుంచి సూరీడమ్మ తవిటమ్మని 'నా కూతురు' అనలేదు. బళ్ళో వేసినప్పుడూ అనలేదు, ఆసుపత్రిలో చూపించినప్పుడూ అనలేదు. "ఎర్రయ్యమ్మ పిల్లండి, నాను పెంచుతున్నాను" అనేది. తలంటి పోసేటప్పుడు సైతం, "ఆళ్ళ పిల్ల జుట్టు ఎంత సిక్కుపడిపోనాదో" అని విసుక్కుంటూనే ఒక్క వెంట్రుక తెగకుండా దువ్వేది. పిల్ల మాత్రం ఏం చేస్తుంది? పెంచినావిడే కన్నదని తెలుసు. తెలిసీ, ఆ ఒక్క మాట కోసం నోరు తెరుచుకుని చూసేది.

తవిటమ్మకి కాళ్ళొచ్చాయి. అచ్చంగా అక్క కాళ్ళే.  సూరీడమ్మ పరిగెత్తొద్దని కొట్టింది, ఇంట్లో దాచింది, ఏడ్చింది. వాగుని ఎవరు ఆపగలరు? చివరికి ఒక కట్టడి పెట్టింది. "ముందుండకే. ఎవులో ఒకల్ని ముందరికి ఒగ్గీ. జనం మొదటోల్నే సూస్తారు, రెండోదాని మీద కన్నెట్టరు."

తవిటమ్మ ఆ మాట జవదాటలేదు. బడి పందెంలో రెండోది, జిల్లాలో రెండోది, రాష్ట్రంలో రెండోది. ఒక కంపెనీ జట్టువాళ్ళు నెలజీతం ఇచ్చి మరీ పరుగెత్తడానికి తీసుకున్నారు. అక్కడా రెండోదే. కోచ్ పాపారావు జుట్టు పీక్కున్నాడు. చివర్లో దమ్ము చాలడం లేదని గుడ్లు పెట్టించాడు, బాదంపప్పులు నానబోయించాడు, ఇసకలో పరిగెత్తించాడు. ఆ పిల్లని ఆపుతున్నది దమ్ము కాదని ఆయనకెలా తెలుస్తుంది? విశాఖపట్నంలో జరిగే జాతీయ పోటీలో గెలవకపోతే జట్టులో చోటుండదని తేల్చి చెప్పేశాడు.

ఆ పోటీకి సూరీడమ్మ మొదటిసారి వచ్చింది. చూడ్డానికి కాదు, కాపలాకి. బూటు తొడిగే ముందు పిల్ల అరికాలికి కాటుకతో దిష్టిచుక్క పెట్టింది. ఛాతీ మీది నంబరు గుడ్డకి నాలుగు మూలలా పిన్నులు పెట్టాలి. ఒకటి ఎక్కడో జారిపోయింది.

"అమ్మా, పిన్నీసుందేటి?"

సూరీడమ్మ తాడు తడుముకుంది. అక్కడున్నది నేనొక్కదాన్నే. చుట్టూ చూసింది, ఎవరినైనా అడుగుదామా అన్నట్టు. అప్పటికే పందెంవాళ్ళని పిలుస్తున్నారు. నన్ను తీసింది.

"అక్కదా?" అంది తవిటమ్మ.

"దాన్దే. అయిపోనాక బేగి ఇచ్చీ."

"అమ్మా, ఈపాలి గెలిసీస్తే నన్ను నీ కూతురంటావా? ఒక్కపాలి?"

"గెలవడమేటి? ఆళ్ళ పిల్లవే నువ్వు. ఆ మాట నన్నడక్కు," అంటూ సూరీడమ్మ నన్ను గుచ్చి మూసింది. అలా నేను రెండో పిల్ల గుండె మీదికి వచ్చాను.

మైకులో పేరు చదివినప్పుడు గ్యాలరీలో కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. "తవుడంటే! ఏ గేదెకి పెడతారే?" అని ఒక అమ్మాయి అరిచింది. పక్కవాళ్ళు గేదెలా అంబా అన్నారు. తవిటమ్మ విననట్టే నిలబడింది. నాకు మాత్రం దాని గుండె ఒక తాళం తప్పడం తెలిసింది.

ఎనిమిది వందల మీటర్లంటే రెండు చుట్లు. తుపాకి పేలింది. మొదటి చుట్టు అయ్యేసరికి ముందు హర్యానా అమ్మాయి, పోయినేటి విజేత. వెనకే తవిటమ్మ. రెండో చుట్టుకి గంట కొట్టారు. అప్పుడు నాకు రెండు గుండెలు వినిపించాయి. ఒకటి తవిటమ్మది. రెండోది చిన్నది, తొందరెక్కువ, నాకు బాగా తెలిసినది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. ఇనుముకి అబద్ధంతో పనిలేదు.

ఆఖరి మలుపు దగ్గర తవిటమ్మ అలవాటుగా ముందున్న వీపు వెనక సర్దుకుంది. గ్యాలరీలో ముందు లేచింది ఆ నవ్విన పిల్లలే. ఇంత దగ్గర్లో ఉండి గెలవకపోతే ఎలాగని వాళ్ళకి పట్టుదల వచ్చేసింది. "తవిటమ్మా! తవిటమ్మా!" అని ఒక మూల మొదలైంది. స్టేడియం అంతా అందుకుంది. గేదెకి పెట్టే తవుడు కాస్తా క్షణంలో ఇలవేల్పు అయిపోయింది. సూరీడమ్మ కమ్మీ పట్టుకుని, "పిలవకండి బాబూ, పిలవకండి" అని మొత్తుకుందట. ఆవిడే తర్వాత ఎర్రయ్యమ్మకి చెప్పుకుంటుంటే విన్నాను.

అప్పుడు తవిటమ్మ ఛాతీ మీద ఏదో గుచ్చుకున్నట్టు ఉలిక్కిపడింది. పడి, ఒక్క ఊపున పక్కకి తప్పుకుని ముందుకు దూకింది. హర్యానా అమ్మాయి తిరిగి చూసేలోపు గీత దాటేసింది. "పిన్నీసు ఊడి గుచ్చుకుందండి, ఆ మంటకి పరిగెత్తీసినాను" అని తర్వాత విలేకరులకి చెప్పి నవ్వించింది. నేను ఊడలేదు. మూసినది మూసినట్టే ఉన్నాను. గుచ్చింది ఎవరో నేను చెప్పలేను.

ఈ పరుగు పరిగెత్తినవాళ్ళు గీత దాటాక కూలబడిపోవడం మామూలే. తవిటమ్మ బోర్లా పడి, వెల్లకిలా తిరిగి, కళ్ళు మూసుకుంది. సూరీడమ్మకి ఆ మామూలు తెలియదు. ఇన్నివేల నోళ్ళు మెచ్చుకున్న పిల్ల నేలమీద కదలకుండా పడి ఉంది. అంతే తెలుసు. కమ్మీ ఎలా దాటిందో, చీర ఎక్కడ చిరిగిందో చూసుకోలేదు. అడ్డొచ్చిన కుర్రాడు, "ఎవరమ్మా నువ్వు? లోపలికి రాకూడదు" అన్నాడు.

"నా కూతురు! ఒగ్గండి బాబూ, అది నా కూతురు! నా కడుపున పుట్టినాది!"

తవిటమ్మ కళ్ళు తెరిచింది. తల్లి మొహం మీదికి వంగి ఉంది.

"ఏటన్నావు? మళ్ళీ అనే అమ్మా."

గెలిచినప్పుడు కూడా ఆ గుండె అలా కొట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇనుము ఏడిస్తే మీరు దాన్ని తుప్పు అంటారు. కానీ సూరీడమ్మ అప్పటికే నోటి మీద చెయ్యి వేసి కొట్టుకుంటోంది. ఎన్నేళ్ళుగానో పళ్ళ వెనక దాచినది జారిపోయింది. పిల్ల బతికే ఉందన్న సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు ఆ మొహంలో. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పరిగెత్తిన ఒళ్ళు కదా, కాలిపోతోంది.

ఈలోపు అభిమానులు చుట్టుముట్టారు. అభిమానులు అంటున్నాను గానీ కాసేపటి క్రితం గేదెలైనవాళ్ళే. గేదె మాట అన్న అమ్మాయి అందరికన్నా ముందుంది. పేరు జోషిత. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో వేరుశెనగల పొట్లం. "ఆంటీ, మీ అమ్మాయి సూపర్ ఆంటీ!" అంది.

"నా పిల్ల కాదమ్మా. కాదు. తల్లీ, దీన్ని నువ్వు కొనీసుకో."

"ఏంటి ఆంటీ?"

"నీ సేతిలో ఉన్నది గుప్పెడియ్యి. ఈ పిల్ల నాది కాదు, మీదని అందరికీ ఇనబడీటట్టు సెప్పీ. నీకు పున్నెముంటాది."

జోషితకి ఏమీ అర్థం కాలేదు, కానీ సరదా అనిపించింది. సూరీడమ్మ దోసిట్లో వేరుశెనగలు పోసి, "తవిటమ్మ మా పిల్ల!" అని అరిచింది. వెనకున్నవాళ్ళంతా "మా పిల్ల! మా పిల్ల!" అన్నారు. ఆ వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. మేమూ కొన్నాం అని కింద ఎంతమంది రాశారో! ఇంత చవగ్గా ఇంతమందికి అమ్ముడుపోయిన మనిషి మరొకరు లేరు. వీడియోలో తవిటమ్మ నవ్వుతున్నట్టే కనిపిస్తుంది. దాని గుండె మీద ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, అది నవ్వు కాదు.

సూరీడమ్మ ఆ గింజల్ని కొంగున ముడివేసింది. నంబరు గుడ్డలోంచి నన్ను తీసి, ముడి ఊడకుండా నాతో బిగించింది.

ఇప్పుడు తవిటమ్మ దూరాన ఏదో శిబిరంలో ఉంది. ఊరంతా దాన్ని పొగుడుతోంది. నేను సూరీడమ్మ కొంగునే ఉన్నాను. ఎర్రయ్యమ్మ రోజూ వచ్చి ఆ గింజలు తినమని గొడవపెడుతుంది. పిల్లని అమ్మినావిడ ఆ వచ్చినదాన్ని తినెయ్యాలి, తింటేనే బేరం తెగినట్టు. చేటలో పెట్టి అమ్మిన నాడు సూరీడమ్మ తవుడు రొట్టె కాల్చుకుని ఏడుస్తూ తిన్నది. ఇప్పుడు మాత్రం నన్ను విప్పుతుంది, ఒక గింజ నోటిదాకా తీసుకెళ్తుంది, పెదాలు మాత్రం కదిలించి చప్పుడు లేకుండా రెండు మాటలు అంటుంది, గింజని మళ్ళీ ముడిలో పెట్టి నన్ను మూసేస్తుంది. గింజలు ముక్కిపోయాయి. భయం మాత్రం ఆవిడని ఒక్కరోజూ వదల్లేదు.

సాయంత్రం ఫోను మోగితే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఒళ్ళెలాగుందే? ఎచ్చబడ్డాదేటి?"

"బాగున్నాను. నువ్వు తిన్నావేటే అమ్మా?"

దూరాన ఉన్న ఏ కూతురైనా అమ్మని అడిగే మాటే అది. అన్నం సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. సూరీడమ్మ చెయ్యి ముడి మీదికి వస్తుంది, నా మీద ఆగుతుంది.

"లేదే. ఇంకా తిన్లేదు."



"తినకే," అంటుంది తవిటమ్మ.