వంటింట్లో ఎంచిన ఎడిటర్

ఎసట్లో రాగిపిండి పోసి తెడ్డు అందుకున్నానో లేదో, మంచినీళ్ళ నెపంతో మా ఆయన రూపేష్ వంటింట్లోకి వచ్చాడు. దాహం కాదని నాకు తెలుసు. "దుడ్డు పెట్టి కొనేది వద్దు, ఫ్రీది ఒకటుండాదని చెప్పినావే, దాని పేరేమి?" అన్నాడు గొంతు తగ్గించి. ఫ్లాష్ కోడ్ రాసుకునే ఎడిటర్, ఫ్లాష్‌డెవలప్ అన్నాను. చెంబు అక్కడే వదిలేసి హాల్లోకి పోయి, తానే కూర్చుని పరీక్షించినట్టు చెప్పసాగాడు.

హాల్లో ఉన్నది నందీశ్ గారు. బాగేపల్లి చుట్టూ పల్లె బడులకు కంప్యూటర్ పాఠాలు చేయించే ట్రస్టు ఆయనది. అప్పట్లో తెర మీద బొమ్మ కదలాలంటే ఫ్లాషే దిక్కు. పట్టుపురుగు గూడు కట్టేదాకా చూపించే నమూనా పాఠం చేసింది నేను, చింతామణిలో మా కంప్యూటర్ షాపు వెనకగదిలో, ఇంటిపని తీరినప్పుడల్లా కూర్చుని. పాఠం చివర పేరు మాత్రం రూపేష్‌ది. అడిగితే, ఇద్దరం ఒకటే కదా అంటాడు. ఒకటే అయితే నా పేరే పెట్టొచ్చుగా! ఈ ఇంట్లో మిక్సీ కూడా నన్నడిగి కొనలేదు. కోడ్ ఏ ఎడిటర్లో రాయాలి, దాన్ని తెర మీద ఆడే పాఠంగా మార్చడానికి ఏ కంపైలర్ వాడాలి, నేను ఎంచుకున్నవి ఆ రెండే. అవీ ఎవరికీ పట్టవు కాబట్టి నాకు దక్కాయి.

సంగటి చిక్కబడుతుండగా మళ్ళీ వచ్చాడు. "బడుల్లో ఉండేది విండోస్ కాదంట, లినక్సంట. దాంట్లో ఇది నడస్తాదా?"

బడుల్లో ఏముందో ముందే కనుక్కోమన్నాను. చెప్పిన పని చెయ్యి అన్నాడప్పుడు. ఆ ఎడిటర్ లినక్స్‌లో నడవదు, కంపైలర్ మాత్రం నడుస్తుంది, కోడ్ రాయడానికి మామూలు ఎడిటరేదైనా చాలు, టీచర్లే పాఠం మార్చుకోవచ్చు అని కెలుకుతూనే చెప్పాను. అలసందలు ఒలుస్తున్న మా అత్త గిరిజమ్మ తలెత్తింది. మొగోళ్ళ మాటలు నీకెందుకమ్మా, చెయ్యి ఆపితే సంగటి ఉండలు కడతాది అంది.

"ఇదంతా ఎట్ల చెప్పేది? నడస్తాదని చెప్పేస్తా" అంటూ వెళ్ళిపోయాడాయన. చెప్పేశాడు కూడా. పైగా బాగేపల్లికి తానే వచ్చి టీచర్లకు నేర్పిస్తానన్నాడు. ఆ నేర్పే పని కోసమే ఇన్నాళ్ళూ నిద్ర మానుకున్నాను. రేపు అక్కడ పాఠం తెరవలేక నవ్వులపాలయ్యేది నా పని. అయినా బాగేపల్లిలో మా వంటిల్లు లేదు, ఈయన ఎక్కడికి పరుగెత్తుతాడు?

మూడోసారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "చేసి చూపించమంటాండాడు. ఏమి చేసేది?"

తెడ్డు ఆయన చేతిలో పెట్టాను. "కెలకండి. ఆపితే ఉండలు కడతాది."

చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళి, ఆయన కుర్చీలో కూర్చుని, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను.

"మీకిప్పుడు చెప్పింది తప్పు సార్. ఆ ఎడిటర్ మీ బడుల్లో నడవదు. నడిచేది చూపిస్తా. ఈ పాఠం చేసింది నేను, నేర్పించేదానికీ నేనే వస్తా."

వంటింట్లోంచి రూపేష్ ఏదో అడిగాడు. జవాబు చెప్పడానికి నేను లేవలేదు.