వినికిడి చదువు

ఆ ఏడాది రెండో తరగతి 'బి' సెక్షన్లో అందరికంటే బాగా చదివే పిల్లకు చదవడం రాదు. ఆ సంగతి క్లాస్ టీచరు ఫ్లోరాకు జనవరి దాకా తెలియలేదు.

ఏప్రిల్లో, ఫరీదాబాద్‌లోని ఆ ప్రైవేటు బళ్ళో చేరిన రోజునే ప్రిన్సిపల్ భాటియా మేడమ్ ఆమెకు దారి చూపించింది. "ఒక సంవత్సరం ప్రొబేషన్. తర్వాత పర్మినెంట్ చేస్తాం. పాఠం కాస్త వెనకబడినా ఫరవాలేదు ఫ్లోరాజీ, యాక్టివిటీ మాత్రం ఆగకూడదు. పేరెంట్స్‌కి కనపడేది అదే."

ఫ్లోరా భర్త పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతబడింది. ఆయన రోజూ పొద్దున్నే తయారై పని వెతుక్కుంటూ బయటికి పోతున్నాడు, సాయంత్రానికి ఉత్త చేతులతో వస్తున్నాడు. ఫ్లోరా ఇంకేమీ అడగకుండా తలూపింది.

యాక్టివిటీ ఆగలేదు. ఏప్రిల్లో పసుపు రోజు. పిల్లలకు పసుపు బట్టలు, టీచరుకు పసుపు చీర, బల్లల నిండా మామిడిపండ్లు. జూలైలో మొక్కల రోజు. ఒకే ఒక్క వేపమొక్క పక్కన క్లాసులో ప్రతి పిల్లనీ నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆఖరి పిల్ల వంతు వచ్చేసరికి మొక్క తల వాల్చేసింది. తర్వాత జెండా, రాఖీ, డాక్టరు వేషాలు, కాగితపు రావణుడు. నవంబర్లో గాలి విషమైపోయి బడి మూసేస్తే ఫోన్లో పాఠాలు. తెర మీద ఒకడి తల, ఒకడి సీలింగ్ ఫ్యాను, ఒకడి వాళ్ళ నానమ్మ. డిసెంబర్లో యాన్యువల్ డే. క్లాసంతా పెంగ్విన్లు. ఆ పెంగ్విన్ల ముక్కులు అంటించి అంటించి ఫ్లోరా వేళ్ళకు జిగురు వారంపాటు వదల్లేదు. ప్రతి సందడికీ ఫొటోలు, ప్రతి ఫొటో కిందా రెండు వాక్యాలు. ఇంటికి వెళ్ళేసరికి కాళ్ళు పీకేవి. పడుకుంటే నిద్రలో కూడా "లైన్లో నిలబడండి" అని అరిచేది.

మిగిలిన సందుల్లో చదువు. ఆ బడి పద్ధతి ఒకటే. ముందు టీచరు ఒక లైను చదవాలి, క్లాసంతా దాన్ని అనాలి. రెండుసార్లయ్యాక ఒక్కొక్కరే లేచి చదవాలి. అందరూ తడబడేవాళ్ళు, ఒక్క ఎల్సా తప్ప. ఎల్సా లేచిందంటే ఆగాల్సిన చోట ఆగేది, ప్రశ్న వస్తే గొంతు పైకి లేపేది, పిల్లి మాటలు పిల్లిలా, ఎలుక మాటలు ఎలుకలా పలికేది. బడి చూడ్డానికి ఎవరొచ్చినా భాటియా మేడమ్ వాళ్ళను నేరుగా 'టూ బీ' గుమ్మంలోకి తెచ్చి, "ఎల్సా, బేటా, జరా పఢ్‌కే సునావో" అని చదివి వినిపించమనేది. ఫ్లోరా కూడా ప్రతి రిపోర్టులోనూ ఆ పిల్ల పేరు పక్కన 'ఎక్సలెంట్ రీడర్' అని రాసింది.

ఎల్సా ఆమెకు కొత్త కాదు. తల్లి అన్నమ్మ నర్సు, బాపట్ల వైపు మనిషి. ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. సండే స్కూల్లో మిగతా పిల్లలు కంఠత వాక్యం ఒక్కటి అప్పజెప్పడానికి గింజుకుంటుంటే, ఎల్సా కీర్తనకు కీర్తనే గడగడా అప్పజెప్పేది. అది చూసి ఫ్లోరా మురిసిపోయేది. అనుమానపడాల్సింది అక్కడే. ఆమెకు ఆ తీరిక లేదు.

జనవరిలో చలి సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున ఫ్లోరా గొంతు పోయింది. పొగా చలీ కలిసి ఛాతీని పట్టేశాయి. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. కొత్త కథల పుస్తకం ఆ రోజే మొదలు. సరే, ఆపద్ధర్మం అనుకుని, "ఎల్సా, ఇవాళ ముందు నువ్వు చదువు" అని సైగ చేసింది.

ఎల్సా లేచింది. పుస్తకం తెరిచింది. టీచరు వంక చూసింది. తర్వాత బొమ్మ వంక చూసింది.

"ఒక ముసలమ్మ ఉండేది," అని ఇంగ్లీషులో అందుకుంది. "ఆమెకు ఒక మేక ఉండేది. మేకకు చాలా ఆకలేసింది..." అదే రాగం, ఆగే చోట అదే ఆగడం. వేలు కూడా లైను కింద నడుస్తోంది.

పక్కనున్న జశ్వంత్ తన పుస్తకంలో పేజీలు తిప్పి రెండుసార్లు చూసుకుని చటుక్కున లేచాడు. "మేడమ్, ఝూఠ్! అబద్ధం! ఇందులో అలా లేనే లేదు! ఇది సంత కథ. మేక ఆఖర్లో వస్తుంది!"

క్లాసు గొల్లుమంది. ఎల్సా ఆగలేదు. ఇంకా గట్టిగా చదివింది, లేని కథను.

భోజనాల బెల్లు కొట్టాక ఫ్లోరా ఆ పిల్లను ఒక్కదాన్నే ఉంచి, బోర్డు మీద మూడక్షరాల ఇంగ్లీషు మాట రాసింది. ఎల్సా అక్షరాలన్నీ విడివిడిగా చెప్పింది. కలపమంటే బోర్డు వదిలేసి ఫ్లోరా పెదాల వంక చూసింది.

"నా మూతిలో ఏముందే? బోర్డు చూడు," అంది ఫ్లోరా గాలి గొంతుతోనే.

ఎల్సాకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "ఆప్ బోలోగే తో ఆ జాయేగా, మేడమ్."

మీరు చెబితే వచ్చేస్తుంది. నిజమే. ఏడాదంతా అలాగే వచ్చింది.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం స్టాఫ్ మీటింగులో భాటియా మేడమ్ ఫిబ్రవరి ఆఖర్న రీడింగ్ డే అని ప్రకటించింది. ట్రస్టు ఛైర్మన్ వస్తారు. ప్రతి సెక్షన్ నుంచి ఒక్కరు స్టేజీ మీద ఎవరూ చూడని కొత్త పుస్తకం చదవాలి. "టూ బీ నుంచి ఎల్సా. పేరు పంపించేశాను. ఫ్లోరాజీ, మీ కన్ఫర్మేషన్ మాట కూడా ఆ రోజే ఛైర్మన్‌గారి చెవిన వేస్తా."

ఫ్లోరా నోరు తెరిచింది. గొంతు రాలేదు. ఆ పూట అది సాకుగా పనికొచ్చింది.

మర్నాటి నుంచి ఎల్సాకు చదువు నేర్పే సందు కోసం వేట మొదలైంది. అసెంబ్లీకి ముందు దొరికే కాస్త సమయమే దిక్కు. పొగమంచులో బస్సు ఆలస్యమైతే అదీ లేదు. ఒకరోజు రిపబ్లిక్ డే రిహార్సలు, ఒకరోజు ఆటల పోటీలు, ఒకరోజు వసంత పంచమికి మళ్ళీ పసుపు చీర. వాటన్నిటి మధ్యలో నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుని ఫ్లోరా బోర్డు మీద మాటలు చూపించేది. ఎల్సా ఒక్కో అక్షరాన్నీ రాయి మోసినట్టు మోసి, పక్క అక్షరం దగ్గర దించేది. రెండు మాటలయ్యేసరికి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. నాలుగు మాటలయ్యేసరికి టీచరు తల దిమ్ము.

మాటలు కలవడం మొదలయ్యాయి. దాంతోపాటు ఇంకోటీ జరిగింది. ఎల్సా గొంతు పోయింది. పిల్లి లేదు, ఎలుక లేదు. వరండాలో పోతూ భాటియా మేడమ్ గుమ్మం దగ్గర ఆగి విని, లోపలికొచ్చి మెల్లగా అడిగింది.

"ఈ పిల్లను ఏం చేశారు ఫ్లోరాజీ?"

"చదవడం నేర్పుతున్నాను మేడమ్."

"మొన్నటిదాకా చదివింది కదా!"

ఫ్లోరా నిజం చెప్పేసింది. ప్రిన్సిపల్ మొహంలో ఆశ్చర్యం కనపడుతుందనుకుంది. కనపడలేదు. రీడింగ్ డే ముందు రోజు మధ్యాహ్నం ఆవిడ తన గదిలోకి పిలిచి, అట్ట మీద ఒంటె బొమ్మ ఉన్న కొత్త పుస్తకం చేతిలో పెట్టింది.

"మొదటి పేజీయే తెరుస్తారు. ఇవాళ ఒక్కసారి వినిపించండి. ఆ అమ్మాయికి ఒక్కసారి చాలు కదా?"

"మేడమ్..."

"పేర్లు ప్రింటయిపోయాయి. మీ ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది. ఠీక్ హై?"

బడి వదిలాక గేటు పక్క టీ కొట్టు దగ్గర అన్నమ్మ ఎదురైంది. ఉదయం డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, తెల్ల యూనిఫాం మీద స్వెట్టరు. మొహం మూడు రాత్రులు నిద్రలేనట్టుంది. ఎల్సా కాస్త దూరంలో జశ్వంత్‌తో పోట్లాడుతోంది.

"అక్కా, రేపటికి డ్యూటీ మార్చుకున్నా. పాస్టరమ్మగారు కూడా వస్తారంట," అంది అన్నమ్మ. "మా ఎల్సా చదవడం చూడాలంట ఆవిడకి."

"ఎల్సాకి చదవడం రాదు అన్నమ్మా."

అన్నమ్మ నవ్వింది. ఫ్లోరా నవ్వలేదు. అన్నీ చెప్పింది. పుస్తకం కూడా చూపించింది. అన్నమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

"ఏడాదంతా ఎక్సలెంట్ అని రాశారు గదక్కా?"

"రాశాను."

"మరి మీరేం చూసి రాశారు?"

"చూళ్ళేదు. విన్నాను."

అన్నమ్మకు కోపం వచ్చింది. వచ్చినంత వేగంగానే దిగిపోయింది. కోపానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. "నేను మాత్రం ఏం చేశానులే. డ్యూటీకి పోయేముందు మర్నాటి పాఠం గబగబా చదివి వినిపిచ్చేదాన్ని. అది తిరిగి చెప్పిద్ది. చదివేసిందని బ్యాగు సర్దేదాన్ని." టీ గ్లాసు చెయ్యి మార్చుకుంది. "అక్కా, ఒక మాట. ఈ రాత్రికి వినిపిచ్చేయండి. రేపొక్కరోజు గడవనీయండి. ఏప్రిల్ నుంచి కూర్చోబెట్టి నేర్పిద్దాం."

"ఏప్రిల్లో దానికి వేరే టీచరు. ఆవిడా ముందు చదివి వినిపిస్తుంది. రేపు స్టేజీ మీద నెగ్గిందంటే ఇక దీనికి చదువు రాదని చెప్పినా ఎవరూ నమ్మరు. నువ్వూ నమ్మవు."

"మీ ఉద్యోగమో?"

ఫ్లోరా పుస్తకం బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది. "ఆ మాట నన్నడక్కు. నాకూ ఆశ పుడుతోంది."

అన్నమ్మ చల్లారిన టీ నేల మీద పారబోసింది. "పదవే," అని కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకుపోయింది.

మర్నాడు హాలు నిండింది. ముందు వరసలో ఛైర్మన్, పక్కన భాటియా మేడమ్. నాలుగో వరసలో అన్నమ్మ, పాస్టరమ్మగారు. 'టూ ఏ' పిల్లాడు వానచినుకుల్లా చదివేసి చప్పట్లు కొట్టించుకున్నాడు. వాడికి నిన్న ఎన్నిసార్లు వినిపించారో ఫ్లోరాకు తెలియదు, తెలుసుకోదలచుకోలేదు.

ఎల్సా వంతు వచ్చింది. పిల్లల నోటి దగ్గర మైకు పట్టుకోవడం క్లాస్ టీచరు పని. ఫ్లోరా పక్కనే నిలబడింది. పుస్తకం తెరుచుకుంది.

ఎల్సా మొదట చూసింది టీచరు మొహం. వినిపించలేదేమని ఆ చూపులో కోపం. తర్వాత తల దించింది.

"ద... క్యా... మెల్..." వేలు పక్క మాట మీదికి జరిగింది. "డిడ్... నాట్... రన్."

ఒంటె పరుగెత్తలేదు. అంతే. ఆ ఒక్క లైనుకు ఛైర్మన్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. వెనక ఎవరో దగ్గారు. రెండో లైన్లో పొడుగాటి మాట ఒకటి అడ్డం పడింది. ఎల్సా దాని మొదటి సగం రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ జారిపోయింది. తల తిప్పి ఫ్లోరా పెదాల వంక చూసింది.

ఒక్క మాట. శబ్దం కూడా అక్కర్లేదు, పెదాలు కదిపితే చాలు. మిగతాది ఎల్సా గట్టెక్కించేస్తుంది. కింద భాటియా మేడమ్ కళ్ళు పెద్దవి చేసి అదే చెబుతోంది.

ఫ్లోరా మొహం పక్కకు తిప్పుకుంది. మైకు పట్టుకున్న చెయ్యి మాత్రం తీయలేదు.

మూడోసారి కూడా ఆ మాట రాలేదు. ఛైర్మన్ మంచివాడు. "వెరీ గుడ్ బేటా, శాబాష్," అని తనే చప్పట్లు మొదలుపెట్టాడు. హాలు ఆయన వెంట నాలుగు చప్పట్లు కొట్టి, 'టూ సీ' కోసం ఎదురుచూసింది.

కార్యక్రమం అయ్యాక భాటియా మేడమ్ మెట్ల దగ్గర ఆపింది. అరవలేదు. "కన్ఫర్మేషన్ ఈసారికి కుదరదు ఫ్లోరాజీ. ఇంకో సంవత్సరం ప్రొబేషన్ పొడిగిస్తాం. మళ్ళీ టూ బీ." ఫ్లోరా "సరే మేడమ్" అంది. ఏడుపు రాలేదు. ముందు ఎక్కడైనా కూర్చోవాలనిపించింది.

కూర్చుంది, వరండా మెట్ల మీదే. కాసేపటికి ఎల్సా వచ్చి ఎదురుగా నిలబడింది. గేటు దగ్గర అన్నమ్మ పాస్టరమ్మగారిని ఆటో ఎక్కిస్తోంది. ఆవిడకు ఏం చెబుతోందో గానీ చేతులు తెగ తిప్పుతోంది.

"మీవల్లే," అంది ఎల్సా హిందీలో. "అందరూ నవ్వారు."

"ఎవరూ నవ్వలేదు. విసుక్కున్నారు."

"మీరు ఒక్కసారి చెప్పుంటే నేను జశ్వంత్ కంటే బాగా చదివేదాన్ని."

"చదివేదానివి కాదు. చెప్పేదానివి."

ఎల్సా మూతి ముడిచింది. వెళ్ళిపోతుందనుకుంది ఫ్లోరా. వెళ్ళలేదు. చెప్పుతో మెట్టును గీకుతూ నిలబడి, ఉన్నట్టుండి అడిగింది.

"ఒంటె ఎందుకు పరుగెత్తలేదు?"

"నాకు తెలీదు."

"ఝూఠ్. మీరు టీచర్."

"ఆ పేజీ దాటి నేనూ చూళ్ళేదు." ఫ్లోరా ఒడిలో ఉన్న పుస్తకం తీసి ఆ పిల్ల చేతికిచ్చింది.

ఎల్సా దాన్ని అనుమానంగా తీసుకుంది. మెట్టు మీద, టీచరుకు ఒక మూర దూరంలో, వీపు ఇటు పెట్టి కూర్చుంది. పేజీ తెరిచి, ఇందాక స్టేజీ మీద పరువు తీసిన ఆ పొడుగాటి మాట మీద వేలు పెట్టింది. మొదటి సగం ఎత్తింది. జారింది. మళ్ళీ ఎత్తింది.

గేటు దగ్గర నుంచి అన్నమ్మ కేకేసింది. "ఏయ్ ఎల్సా! ఇంకా ఎంతసేపే? నాకు డ్యూటీకి టైమవుతంది!"

"రుకో నా, మమ్మీ!" ఆగమని తలెత్తకుండానే అరిచింది ఎల్సా.

ఫ్లోరా గోడకు తల ఆనించింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కానీ ఆ పిల్ల చదువు నిద్రపట్టనిచ్చేలా లేదు. ప్రతి అక్షరం దగ్గరా ఆగి, మళ్ళీ కదిలి, తప్పు దారిన పోయి, వెనక్కొచ్చి... ఫ్లోరా కళ్ళు తెరిచి నిటారుగా కూర్చుని, వినసాగింది.