నలభై ఒక్క మంది కొలతలు

బుధవారం సాయంత్రం ఆరు దాటాక ముందు గదిలోంచి అత్తగారు "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అని పిలిచింది. గొంతు పెంచలేదు. అందుకే కోడలు గరిటె అక్కడే పెట్టి వచ్చింది. ఆవిడకి కోపమొస్తే వీధి చివరికి వినపడుతుంది. ఇంత మెల్లగా పిలిచిందంటే వ్యవహారం కోపం దాకా ఆగలేదన్నమాట.

టీవీ తెర మీద పట్టిక ఉంది. గీతలున్నాయి, గళ్లున్నాయి. గళ్లలో మాత్రం ఏమీ లేదు.

"నలభై ఒక్క మంది," అంది అత్తగారు. "పొద్దున ఉన్నారు. ఇప్పుడు లేరు."

అత్తగారు దర్జీ. నాటకాలకి దుస్తులు కుడుతుంది. ఈసారి ఒప్పుకున్నది పెద్ద దర్బారు నాటకం. రాజు దగ్గర్నుంచి తలుపు దగ్గర నిలబడే భటుడి దాకా నలభై ఒక్క మంది, ఒక్కొక్కరికి పద్నాలుగు కొలతలు. మెడ, భుజం, ఛాతీ, నడుము, మోచేతి దాకా ఎంత, మణికట్టు దాకా ఎంత. ఇంకో మూడు వారాల్లో తెర లేస్తుంది.

కోడలు టీవీకి తగిలించుకునే గేమ్ కన్సోళ్లు తయారుచేసే కంపెనీలో టెస్టర్. కొత్తగా రాబోతున్న కన్సోల్ ఆటలకి మాత్రమే కాదు. ఉత్తరాలు రాసుకోవచ్చు, పట్టికలు వేసుకోవచ్చు, పిల్లలు పాఠాలు చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఇంట్లో టీవీ ఉంటే చాలు, వేరే కంప్యూటర్ అక్కర్లేదని కంపెనీ మాట. బయటికి వదిలేముందు ఓ ఇరవై మంది ఉద్యోగుల ఇళ్లలో వాడి చూడమని ఇచ్చారు. అలా వచ్చింది ఆ పెట్టె ఇంట్లోకి.

అత్తగారు మొదట దాని జోలికి పోలేదు. కోడలే వెంటపడి నేర్పింది. నాలుగు సాయంత్రాలు పక్కన కూర్చుని, కీబోర్డు మీద వేలు ఎక్కడ పెట్టాలో చూపించి, నలభై ఒక్క మందినీ ఎక్కించింది. ఆ తర్వాత ఒక మాట కూడా అంది. "ఇంకా ఈ కాగితాలెందుకత్తయ్యా? ఇందులో ఉన్నాయిగా." కొలతలు రాసుకున్న కాగితాలు సోమవారం చెత్తబండిలో వెళ్లిపోయాయి.

ఇప్పుడు ఆ మాట అత్తగారు ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని కోడలికి అనిపించింది.

"మీరేమైనా నొక్కారా?" అని అడిగింది, అడక్కూడదని తెలిసి కూడా.

"నేను ఇస్త్రీ చేసుకుంటున్నాను. వచ్చి చూసేసరికి ఇదీ కథ."

కోడలు గంటసేపు వెతికింది. పాత ప్రతి లేదు, నకలు లేదు. ఖాళీ పట్టికే బుద్ధిగా సేవ్ అయి ఉంది. భర్తకి చెబుదామంటే అతను రైలు నడుపుతున్నాడు, ఎల్లుండి గానీ ఇల్లు చేరడు. వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు మాత్రం గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగనే పిలుస్తారు. ఆ సాయంత్రం పిడుగు చప్పుడే లేదు.

మర్నాడు ఆఫీసులో ఈ సంగతి వినగానే, అందరూ గడ్డం అని పిలిచే సహోద్యోగి ముఖం ముడుచుకున్నాడు. కన్సోల్‌లో ఏది మెమరీలో ఉండాలో ఏది పోవాలో తేల్చే భాగం రాసింది అతనే. అసలు పేరుతో పిలిస్తే అతను కూడా వెనక్కి తిరిగి చూడడు, అంతగా ఆ గడ్డం పేరైపోయింది.

సాయంత్రం అయిదుకి అతను ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "రెండువందల పన్నెండు సార్లు చేశాను. పట్టిక తెరిచి ఆట పెట్టాను, ఆట ఆపి పట్టికకొచ్చాను. కరెంటు పీకేశాను కూడా. ఒక్కసారి పోలేదు. మీ అత్తగారే ఏదో నొక్కేసుంటారు."

"ముప్పై ఏళ్లుగా బట్టకి కత్తెర వేస్తోందావిడ. ఒకసారి తెగితే మళ్లీ అతకదని తెలిసిన మనిషి. ఏం చేస్తోందో చూడకుండా చెయ్యి వెయ్యదు."

"అది రుజువు కాదుగా."

కాదు. రేపు మధ్యాహ్నం రెండింటికి మీటింగు. కన్సోల్ బయటికి వెళ్లాలంటే ఆరు సంతకాలు కావాలి. అయిదు పడిపోయాయి. ఆరోది ఆమెది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు నాటకం వాళ్లకి ఫోన్లు చేస్తోంది. ఒకరు దొరికితే ఒకరు దొరకడం లేదు. దొరికినవాళ్లు మళ్లీ ఎందుకని అడుగుతున్నారు. ఆవిడ ప్రతివాళ్లకీ "పొరపాటు జరిగింది బాబూ" అని చెబుతోంది. ఎవరి పొరపాటో చెప్పడం లేదు.

కోడలు గదిలోకి వెళ్లింది. పిడుగు మంచం మీద బోర్లా పడుకుని ఉంది. అప్పుడు తట్టింది ఆమెకి. రోజూ స్కూలు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా టీవీ కోసం పేచీ పెట్టే పిల్ల, నిన్నటి నుంచి ఆట ఊసే ఎత్తలేదు.

"నిన్న నువ్వు ఆడావా?"

"లేదు."

"నిజంగా?"

పిల్ల దిండులో ముఖం పెట్టేసుకుంది. దిండులోంచే మాట్లాడింది. "నానమ్మది నేను ముట్టుకోలేదు. రెండో కంట్రోలర్ నాదే కదా. నా పేరుతోనే పెట్టుకున్నా. ఒక్క రౌండే. మళ్లీ నానమ్మది తెచ్చిపెట్టేశాను. పెట్టేసరికి..." అక్కడితో ఆగిపోయింది. "నానమ్మకి చెప్పకమ్మా."

కోడలు పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. మనసు మాత్రం ఆఫీసులో ఉంది. అక్కడ ప్రతి టెస్టర్‌కీ ఒక టీవీ, ఒక కన్సోల్, ఒక కంట్రోలర్. పక్కవాడు వచ్చి "ఇక చాల్లే, నాకివ్వు" అనడు. రెండో మనిషి తన పేరుతో మధ్యలో దూరితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

"లే. నిన్న ఏం చేశావో అదే చేసి చూపించు."

ఉత్తుత్తి పట్టిక ఒకటి తయారుచేసింది. పిడుగు తన కంట్రోలర్ తీసి ఆట పెట్టింది, ఒక రౌండు ఆడింది, ఆపింది. పట్టిక చెక్కుచెదరలేదు. మళ్లీ చేశారు. మూడోసారి చేశారు. అంకెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నేను అబద్ధం చెప్పట్లేదమ్మా," అంది పిడుగు, కళ్లల్లో నీళ్లతో.

"తెలుసు."

వంటగది గుమ్మంలోంచి అత్తగారు చూస్తోందని ఆమెకి అప్పుడు గానీ తెలియలేదు. ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున కోడలు ఆఫీసుకి రమ్మని ఎలా అడగాలో తెలియక నీళ్లు నములుతుంటే అత్తగారే అంది. "మీ ఆఫీసుకి నేనూ వస్తాను. నేనేదో నొక్కేశానని అన్నారని రాత్రి చెప్పావుగా. నా ముఖం చూసి అనమను."

మీటింగు గదిలో గోడ నిండా తెర, పొడవాటి బల్ల, తొమ్మిది మంది మనుషులు. డైరెక్టర్ లేచి అత్తగారికి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చుని ఆయన్ని ఎగాదిగా చూసి, "మీ కోటు కుడి భుజం అరంగుళం జారింది బాబూ" అంది. ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

కోడలు పట్టిక తెరిచింది. డైరెక్టర్ స్వయంగా రెండో కంట్రోలర్ తీసుకుని, తన పేరుతో ఆట పెట్టాడు. రెండు నిమిషాలు ఆడి ఆపాడు. పట్టిక నిక్షేపంలా ఉంది. గడ్డం కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకోసారి," అంది కోడలు.

ఇంకోసారి కూడా అంతే.

"చూడండి," అన్నాడు డైరెక్టర్. మంచిగానే అన్నాడు. "మీ శ్రమ నాకర్థమవుతుంది. కానీ మూడుకి నాకు ఇంకో మీటింగుంది. ఒక్క ఇంట్లో ఒక్కసారి జరిగినదానికి..."

"మీరు చేస్తున్నట్టు మా ఇంట్లో జరగలేదు," అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మా పిల్ల ఇంత మర్యాదగా ఆడదు. నేనూ ఇలా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండను. ఇస్త్రీ దగ్గరికి వెళ్లాను. కాలరు మడత పడనివ్వకుండా నాలుగు కోట్లు ఇస్త్రీ చేశాను. అప్పుడొచ్చి పెట్టుకుని ఉంటుంది."

కోడలు ఆవిడ ముఖంలోకి చూసింది. నిన్న గుమ్మంలో నిలబడి ఆవిడ అంతా గ్రహించేసిందని అర్థమైంది.

"నాలుగు కోట్లకి ఎంతసేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలు."

"అయితే ఇరవై నిమిషాలు ఆగుదాం," అంది కోడలు.

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. గడ్డం వైపు చూశాడు. గడ్డం చేతులు కట్టుకున్నాడు. సరే అన్నట్టు డైరెక్టర్ కంట్రోలర్ బల్ల మీద పెట్టాడు.

పదకొండు మంది మనుషులు కదలని తెర వైపు చూస్తూ కూర్చోవడమంటే ఏమిటో ఆ గదిలో ఉన్నవాళ్లకి తెలిసొచ్చింది. ఏసీ చప్పుడు వినపడుతోంది. ఒకాయన పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. అయిదు నిమిషాలు. ఎనిమిది. ఇది కూడా వట్టిదే అయితే ఏం చెయ్యాలి? సంతకం పెట్టాలి. పెట్టకపోతే మొండిది అంటారు, అత్తగారి మాట పట్టుకుని వందల మంది పని ఆపిందంటారు.

పన్నెండో నిమిషంలో కన్సోల్ నిద్రలోకి జారి తెర మసకబారింది. గడ్డం కట్టుకున్న చేతులు విప్పాడు.

డైరెక్టర్ కంట్రోలర్ కోసం చెయ్యి చాపాడు. "ఇంకా ఎనిమిది ఉంది సార్," అంది కోడలు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇరవై అయ్యాక ఆయన తన పేరుతో లోపలికి వెళ్లి ఆట పెట్టాడు. ఒక కోటలోకి దిగి, రెండుసార్లు గోడకి గుద్దుకుని, ఆపేశాడు. పట్టిక తెచ్చాడు.

గీతలున్నాయి. గళ్లున్నాయి.

గడ్డం లేచి తెర దగ్గరికంటా వెళ్లి నిలబడ్డాడు. "నిద్రపోయిన పట్టికని లేపకుండానే మెమరీలోంచి బయట పడేస్తోంది," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "వేరే మనిషి ఆటకి చోటు కావాలి కదా, అందుకని. మళ్లీ తెరవగానే ఆ ఖాళీనే సేవ్ చేస్తోంది." తర్వాత అత్తగారి వైపు తిరిగాడు. "నేనన్న మాట తప్పండీ."

ఆవిడ తల ఊపింది.

"సరిచెయ్యడానికి?" అని అడిగాడు డైరెక్టర్.

"దీనికైతే మూడు రోజులు."

"మూడు రోజుల్లో సరిచేస్తే సంతకం పెడతారా?"

పెడతానని చెబితే అందరికీ సుఖం. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది. "పెట్టను సార్," అంది కోడలు. "ఇది మాకు కనపడలేదంటే, మేం ఒక్కొక్కరం ఒంటరిగా కూర్చుని చూశాం కాబట్టి. ఇళ్లలో ఇది అలా ఉండదు. ముందు గదిలో ఉంటుంది. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. ఆటలు బయటికి పంపండి. రాతకోతల భాగం ఆపండి."

డైరెక్టర్ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో కంప్యూటర్ ఉండేది కాదు. టీవీ ఉండేది. స్కూలు కాగితాలు టైపు చేసుకోవాలంటే పక్కింటికి వెళ్లి, వాళ్ల భోజనాలయ్యేదాకా గుమ్మంలో నిలబడేవాణ్ని. అలాంటి ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. మీరు ఆపమంటున్నది వాళ్లది."

ఆయన చెప్పింది నిజమే.

"బాబూ," అంది అత్తగారు. "అలా గుమ్మంలో నిలబడి టైపు చేసుకున్నది ఎప్పుడైనా మాయమైందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదు."

"మరి వాళ్లకీ అలాంటిదే ఇవ్వండి. ఆలస్యమైతే అయింది."

ఆ రోజు ఏ నిర్ణయమూ చెప్పకుండానే ఆయన మూడు గంటల మీటింగుకి వెళ్లిపోయాడు. సోమవారం చెప్పాడు. ఆటలు అనుకున్న తేదీకే వెళ్తాయి. ఉత్తరాలు, పట్టికలు ఆరు నెలల తర్వాత. ఈలోగా వంద ఇళ్లలో, ఇంటికి రెండు కంట్రోలర్లు ఇచ్చి వాడించాలి. ఆ ఇళ్లన్నీ తిరిగే పని ఆమెకే పడింది. అప్పటికే అచ్చయిన ప్రకటనల్ని చించేయాల్సి వచ్చినవాళ్లు క్యాంటీన్‌లో ఆమె బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. గడ్డం మాత్రం మానలేదు.

కానీ అది సోమవారం సంగతి. అంతకుముందు రోజు, ఆదివారం, ముగ్గురూ నాటకం రిహార్సల్ జరిగే హాలుకి పొద్దున్నే వెళ్లారు. అత్తగారు కొలుస్తుంటే కోడలు పుస్తకంలో రాసింది, పిడుగు తర్వాతి మనిషిని పిలుచుకొచ్చింది. రాజు వేషం ఆయన గంటన్నర కూర్చోబెట్టారని సణిగాడు. మహారాణి వారంలోనే నడుము ఒక అంగుళం పెరిగిందంటే ఒప్పుకోలేదు, టేపే సాగిందంది. మధ్యాహ్నానికి ఇరవై ఆరు మంది అయ్యారు.

మిగతావాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు పిడుగు నానమ్మ ముందు నిలబడింది. కోడలు పుస్తకంలోంచి తలెత్తింది కానీ కదల్లేదు.

"నానమ్మా, ఆ రోజు ఆట పెట్టింది నేనే."

"తెలుసు."

"మరి నన్ను తిట్టలేదే?"

అత్తగారు నోట్లో పట్టుకున్న గుండుసూదులు తీసి చేతిలో పెట్టుకుంది. "నాలుగు రోజుల నుంచి నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. మధ్యలో నేనెందుకు? అయినా దాంట్లో నీ తప్పేమీ లేదని అంతమంది పెద్దవాళ్ల ముందు మీ అమ్మ తేల్చింది." ఆవిడ పిల్ల చుబుకం పట్టుకుని పైకెత్తింది. "కానీ ఇంకెప్పుడైనా ఏదైనా పోతే, ముందు నాకొచ్చి చెప్పు. ఎందుకు పోయిందా అని నేను ఒక రోజంతా నా చేతుల్ని నేనే అనుమానించుకున్నాను."

పిడుగు ఆవిడ నడుం పట్టుకుని అలాగే ఉండిపోయింది. కోడలు పుస్తకంలోకి తల దించుకుంది.

"చాల్లే, వదులు," అంది అత్తగారు కాసేపటికి. "ఆ భటులిద్దరూ తినేసి జారుకుంటారు. పోయి పట్టుకురా."