యంత్రం మోగితేనే లెక్క

చిదొరి కొత్త పాట దేశంలో మొదటి వందలోకి రావాలి. రాకపోతే ఇదే ఆఖరి డిస్కు అని టోక్యో కంపెనీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు. కంపెనీ పేరు పోతే వేడినీటి ఊటల దగ్గర హోటళ్ళలో సాయంత్రం పాటలకు కూడా ఎవరూ పిలవరు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, పాట తప్ప ఇంకో పని చేతకాదు.

నేనూ చిదొరీ ఈ హిమి రేవులో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆమె పాడటానికి పోయింది, నేను మా నాన్న డిస్కుల దుకాణంలో కూర్చున్నాను. ఊళ్ళో అదొక్కటే దుకాణం కాబట్టి నా బిల్లు యంత్రానికి కాస్త పరువుంది. దాని కింద ఏ డిస్కు మోగినా ఆ కబురు ఆ రోజే టోక్యోలో ర్యాంకులు కట్టే ఆఫీసుకు చేరుతుంది. దేశమంతటి దుకాణాల నుంచీ వచ్చిన లెక్కలు కలిపి, సోమవారం మొదలు ఆదివారం దాకా ఏ పాట ఎంత అమ్ముడైందో తేల్చి, మంగళవారం పట్టిక వేస్తారు. చిదొరి పాడే పాత తరహా పాటలకు మొదటి వారమే ప్రాణం. ఆ తర్వాత వాటిని పట్టించుకునే నాథుడుండడు.

ఆ పట్టికంటే నాకెప్పుడూ ఒళ్ళుమంటే. ఎందుకో చెబుతాను. చిదొరి డిస్కు వచ్చిన వారమే పక్క నగరం తొయామా నుంచి కాలేజీ కుర్రాడొకడు వచ్చాడు. వాడికి కావలసింది అమ్మాయిల బృందం డిస్కు. ఒక్కో డిస్కులో, ఆ అమ్మాయిలతో చేయి కలపడానికి ఒక టికెట్టు ఉంటుంది. ఒకేసారి కట్టలు కట్టలుగా కొంటే ఒక్కడే కొన్నాడని ఆఫీసువాళ్ళు లెక్క కోసేస్తారు. ఆ సంగతి వాడికి తెలుసు. మూడు కొంటాడు, వీధిలోకి పోతాడు, టోపీ సర్దుకుని మళ్ళీ వస్తాడు. మధ్యాహ్నమంతా అదే పని. చివరికి టికెట్లన్నీ పీక్కుని సంచి నా బల్ల మీద పెట్టాడు.

"ఇవి మీరే పారేస్తారా ఆంటీ? రైల్లో బరువు."

"విననైనా వినవా నాయనా?"

"పాట ఫోన్లో ఉందిగా."

వాడు పారేసిన ప్రతి డిస్కూ లెక్కలోకి ఎక్కింది.

చిదొరికి టికెట్లు లేవు, కినుయె అత్త ఉంది. చేపలు ఎండబెట్టే షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి మానేసిన మనిషి, చిదొరి అభిమాన సంఘానికి పెద్ద. ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదన్నదే ఆవిడ మతం. ఎవరింటికి వెళ్ళినా, తిరిగి వెళ్ళేటప్పుడు తనవే కాదు, అందరి చెప్పులూ గుమ్మం వైపు తిప్పి పెడుతుంది. డిస్కు వచ్చిన రోజే సంఘం ఆడవాళ్ళందరికీ గట్టిగా చెప్పిందట, వారమంతా దుకాణం మీద ఎగబడొద్దు, బయటివాళ్ళకు దొరక్కుండా పోతుంది, ఆదివారం చిదొరి వచ్చినప్పుడు ఆమె చేతుల మీదుగానే తీసుకుందాం అని. నేనూ సరేనన్నాను. ఆదివారమూ ఆ వారంలోదే కదా.

ఆదివారం మంచూ వానా కలిసి కురిసింది. దుకాణం ముందు బోర్లించిన బీరు పెట్టె మీద, కిమోనోలో, చిదొరి నిలబడి "వలలు ఆరేసే వేళ" పాడింది. గొంతు ఏమాత్రం తగ్గలేదు. రేవులో పడవలు కడుగుతున్నవాళ్ళు కూడా చేతులు ఆపి విన్నారు. రెండో పాటకు ముసలివాళ్ళు వణుకుతున్నారని కినుయె అత్త అందరినీ పక్కనే ఉన్న జాలర్ల సంఘం హాల్లోకి తోలింది. నేను తడిసిన స్పీకర్లు, వైర్లు లోపల పెట్టి వచ్చేసరికి నా బల్ల పక్కన ఉన్న డిస్కుల పెట్టెలు లేవు.

కాసేపటికి కినుయె అత్త డబ్బులు వేసిన అప్పాల రేకు డబ్బా రెండు చేతులా పట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఒక్కదానివి ఎంతమందికని బిల్లు కొడతావే మిత్సుయో? హాల్లోనే మేమే ఇచ్చేసుకున్నాం. ఒక్క యెన్ను కూడా తేడా లేదు, చూసుకో."

"యంత్రం కింద పెట్టకుండానా?"

"అందరూ తెలిసినవాళ్ళేగా. రసీదు ఎవరడిగారు?"

కంపెనీ తరఫున చిదొరి వెంట వచ్చిన కురోయివా అనే కుర్రాడు నా వెనకే నిలబడి ఉన్నాడు. వాడి మొహం పాలిపోయింది. చిదొరి మాత్రం కినుయె అత్త చేతులు పట్టుకుని, "చాలా శ్రమ తీసుకున్నారత్తా," అని వంగి దండం పెట్టింది.

ఆవిడ వెళ్ళాక కురోయివా గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కడ అమ్మకమని ముందుగా ఆఫీసుకు రాసి పెట్టలేదు. కాబట్టి హాల్లో అమ్మినవి అమ్మినట్టు కాదండీ. ఒక్క డిస్కైనా మిగిలిందా?"

"మిగిలింది."

"దాన్నే అన్నిసార్లూ మోగించండి. నిజంగా అమ్మినవే కదా, ఇందులో మోసమేముంది?"

మోసం లేదు. అందుకే కొట్టాను. మణికట్టు లాగేసేదాకా, ఒకే డిస్కు, ఒకే మోత. చిదొరి కిమోనో అంచు పిండుకుంటూ నా వైపు చూడకుండా కూర్చుంది.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్. అవతల అమ్మాయి గొంతు తేనెలా ఉంది.

"మీ యంత్రంలో ఒకే డిస్కు వరసపెట్టి మోగిందండీ. ఒకరే కొన్నారా?"

"ఒకరేంటమ్మా? ఊరంతా కొన్నారు. హాల్లో కొన్నారు, నేను తర్వాత కొట్టాను."

"అర్థమైందండీ. కానీ మాకు కనిపించేది యంత్రం ఒక్కటే కదండీ."

"అయితే రైలెక్కి రా. ఇంటింటికీ తిప్పి చూపిస్తాను."

"క్షమించాలండీ. నియమం ప్రకారం దాన్ని ఒకరి కొనుగోలుగానే తీసుకుంటాం."

ఫోన్ పెట్టేశాక టోపీ కుర్రాడు వదిలేసిన సంచీ నా కాలికి తగిలింది. ఒక్కడు వందసార్లు వస్తే వందమంది. వందమంది ఒక్కసారి వస్తే ఒక్కడు.

మంగళవారం పట్టిక వచ్చింది. మొదటి స్థానం అమ్మాయిల బృందానిది. చిదొరి పాట నూట పదిహేడు. కురోయివా ముందురోజే వెళ్ళిపోయాడు. చిదొరి మాత్రం అన్నయ్య ఇంట్లో ఆగింది, ఆ సాయంత్రం నా దుకాణంలోనే కూర్చుని ఉంది. ఆ కాగితం చదివి, మడిచి, నా బల్ల సొరుగులో తనే పెట్టేసింది.

"కినుయె అత్తకి చెప్పకే," అంది. "ప్రాణం పెట్టి చేసిందావిడ."

మాట పూర్తికాకముందే కినుయె అత్త వచ్చింది, ఎర్ర చిక్కుళ్ళ అన్నం పెట్టెతో. శుభకార్యానికి వండేది అది.

"ఊరు ఊరంతా కొన్నాం. పదిలోపే వచ్చుంటుంది, అవునా?"

చిదొరి బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను విడిపించుకున్నాను.

"వందలోకి కూడా రాలేదత్తా. మీరు హాల్లో డబ్బాలో వేసుకున్నారు చూడు, అవేవీ లెక్కలోకి రాలేదు. ఒక్కొక్కళ్ళూ ఇక్కడ వరసలో నిలబడి మోగించుకోవాల్సింది. ఈ పాట వందలోకి రాకపోతే చిదొరికి ఇంకో పాట లేదు."

ఆవిడ అన్నం పెట్టె బల్ల మీద పెట్టి, దాని మూట ముడి సరిచేసి, నడుము విరిగేలా వంగి దండం పెట్టి వెళ్ళిపోయింది.

"చల్లారిందా నీ కోపం?" అంది చిదొరి.

చల్లారలేదు. ఆవిడ మీద వచ్చిన కోపమే కాదది. తేనె గొంతు మీదిది, టోపీ కుర్రాడి మీదిది. ఎదురుగా దొరికింది మాత్రం ఆవిడ.

ఆ రాత్రి చిదొరి నా దగ్గరే పడుకుంది. బుధవారం పొద్దున్నే కురోయివా ఫోన్ చేశాడు. కంపెనీ నిర్ణయం మారలేదట, ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలట. చిదొరి నా ఫోన్ చెవికి పెట్టుకుని, అవతలివాడికి కనబడకపోయినా మూడుసార్లు తల వంచింది. ఫోన్ నాకిచ్చేసి, దుకాణం తలుపు తీద్దామని తనే లేచింది.

తలుపు అవతల వరస ఉంది. చేపల బజారు మలుపు దాకా ఉంది. ముందు కినుయె అత్త, వెనక సంఘం ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు. ఎవరి చేతిలో వాళ్ళ డిస్కు. అప్పటికే పాట వినేసి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టెలో పెట్టి తెచ్చారు. ఎవరికి వాళ్ళే వేరుగా కొన్నారని తెలియాలని ఒకరికొకరు దూరం దూరంగా నిలబడ్డారు.

"ఇవాళ సరిగ్గా వచ్చామే మిత్సుయో," అంది కినుయె అత్త. "ఒక్కొక్కరివీ మోగించు. నీకు శ్రమే, ఏమనుకోకు."

వారం అయిపోయిందత్తా అని నోటి దాకా వచ్చింది. ముందురోజు అంత సులువుగా ఆడిన నోరు ఇప్పుడు ఆడలేదు.

"మోగించవే," అంది చిదొరి, నా పక్కన బల్ల దగ్గర నిలబడి.

మోగించాను. ఒక్కో మోతకూ చిదొరి వాళ్ళ చేయి రెండు చేతుల్లోకి తీసుకుని పేరు పెట్టి పలకరించింది. వరస మధ్యాహ్నం దాకా సాగింది. కినుయె అత్త పక్కనే నిలబడి ప్రతి మోతా చెవి ఒగ్గి విన్నది.

"వచ్చే మంగళవారం చూడాలి మరి," అంది.

"పైకే వస్తుందత్తా," అంది చిదొరి.

నా యంత్రానికి పక్కన ఒక బటన్ ఉంది, ధర చూసుకోవడానికి. అది నొక్కి ఉంచితే డిస్కు పెట్టినప్పుడల్లా మోగుతుంది. టోక్యోకు ఏమీ పంపదు. ఇవన్నీ ఆదివారమే ఒకసారి కొట్టినవి, మళ్ళీ పంపితే దొంగ లెక్క. పొద్దున్నుంచీ నా ఎడమచేతి బొటనవేలు దాని మీదే ఉంది.